రాహుకాలానికి ముందు తీసిన కాగితం

అలిపిరిలో నిలబడి, కొండ వైపు చేయెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నా కథలు విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీండి.

తిరుపతి విమానాశ్రయంలో, ఒక విమాన సంస్థ ఆఫీసులో పైలట్లకు కాగితాలు అందించడం నా పని. వాతావరణం, దిగబోయే ఊళ్లో రన్‌వే సంగతులు, ఏ పరికరం చెడిపోయిందన్న నోటీసులు. గంటగంటకూ మారుతుంటాయి కాబట్టి చేతికిచ్చే ముందు అప్పటికప్పుడు ప్రింటు తీయాలి.

మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఆ వేళలో నేను ఏ పనీ మొదలుపెట్టను. సాయంత్రం విమానం కాగితాలు రెండుముప్పావుకే తీసి, కిటికీలో స్వామి పటం ముందు పెట్టేసేవాడిని. ఏళ్లుగా ఏమీ కాలేదు.

ఒక మంగళవారం మూడున్నరకు ఆ విమానం నడిపే కెప్టెనమ్మ వచ్చింది.

"ఇది ఇప్పుడు తీసిందేనా?"

"ఇప్పుడే మేడమ్. పట్టుకోండి, ఇంకా వేడిగా ఉండాది."

కిటికీ ఎండకు కాగితం నిజంగానే వేడెక్కింది. తీసిన టైము అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది. నన్ను నమ్మి ఆమె చూడలేదు. ఆ కాగితం ప్రకారమే ఇంధనం పోయించుకుంది.

నాలుగు దాటాక, ఐరాల నుంచి వచ్చే నా సహోద్యోగి కంప్యూటరు తెరిచాడు.

"ఏందప్పా ఇది? దిగే ఊర్లో విమానానికి దారి సూపించే మిషను చెడిపోయిందంట. మూడుంపావుకే నోటీసు వచ్చిండాది. ఆడ వాన గూడా. ఆమెకు చెప్పినావా?"

నేను కిటికీలో పటం వైపు చూశాను.

"కోతలు కోసేటప్పుడు గుక్క తిప్పుకోవు గదా, ఇప్పుడేమొచ్చె?"

"రాహుకాలమని... ముందే తీసినాను."

"రాహుకాలం నీకబ్బా, వానకు గాదు!"

ఆ వానలో దిగడం కుదరక దూరంగా ఇంకో ఊరికి మళ్లాలంటే పోయించిన ఇంధనం చాలదు. లోపల డెబ్బై మంది.

కొత్త కాగితం తీసుకుని, విమానం తలుపు మూసేలోగా ఎండలో పరుగెత్తాను. "తప్పు నాదే మేడమ్" అని ఆమె చేతిలో పెట్టాను. ఆమె చదివి, మళ్లీ ఇంధనం పోయించింది. విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా లేచింది.

ప్రమాణం చేశాను కాబట్టి చెప్పేస్తున్నాను. పరుగెత్తింది నేను కాదు, ఐరాల అతను. నేను కుర్చీలోంచి లేవలేదు. విమానం ఎలాగో లేచిపోతే నా అబద్ధం బయటపడదు కదా అనుకుంటూ కూర్చున్నాను. డెబ్బై మంది ఆ తర్వాతే గుర్తొచ్చారు.

"తప్పు నాదే" అని కూడా నేను ఆమెతో ఇప్పటిదాకా అనలేదు. ఆలస్యానికి కారణం రాయవలసిన చోట "వాతావరణం" అని రాశాను.

మిగతాదంతా నిజం.