ఎడమ చెవి గాటు

నాకు అనుమానం ఎక్కువ. మా ఆవిడ దానికి రోగమని పేరు పెట్టింది. సూర్యాపేటలో ఇంటర్నెట్ సెంటర్లు వెలిసిన కొత్తలో, కాలేజీ పిల్లలు ఎవరో తెలియనివాళ్లతో గంటలకొద్దీ కబుర్లాడుతుంటే, ఇదేదో కొంప ముంచే వ్యవహారమని ఇంటిల్లిపాదినీ హెచ్చరించాను. తర్వాత ఎవరి ఫొటోలు వాళ్లు పెట్టుకునే సైట్లు వచ్చాయి. నేను చేరలేదు, మా ఆవిడను చేరనివ్వలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు మన మొహం ఎందుకు చూపించాలని నా వాదన. సోషల్ మీడియా అంటే నా దృష్టిలో తెలియనివాళ్ల గుంపు, అంతే.

అందుకే తెలంగాణ వచ్చిన ఏడాది మా బంధువులంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుంటే, దాన్ని ఆ జాబితాలో వేయలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఉండే బావలు, వదినలు, మేనమామలు. అందరూ మనవాళ్లే. మనవాళ్లను కూడా అనుమానిస్తే ఇంకెవరితో బతుకుతాం?

ఆ రోజుల్లోనే మోతెలో మా చిన్నాయన మందలోంచి మూడు గొర్రెలు పోయాయి. మాది తరాలుగా గొర్రెలు కాసిన కుటుంబం. నేను ఉద్యోగంలో పడ్డాను గానీ, చెవి చూసి గొర్రె ఎవరిదో చెప్పగలనన్న పొగరు మాత్రం పోలేదు. పిల్ల పుట్టిన కొద్ది రోజులకే చెవికి గాటు పెడతాం. ఏ ఇంటి గాటు ఆ ఇంటిదే. మాది ఎడమ చెవి కొసన ఉంటుంది.

గొర్రెలు పోయిన వారానికి మా బావమరిది కోదాడ గొర్రెల అంగడి నుంచి గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. కొత్త ఫోన్‌తో తనను తానే తీసుకున్నాడు. వెనకాల ఒక ముసలాయన, ఆయన పక్కన మూడు గొర్రెలు. వేళ్లతో పెద్దది చేసి చూశాను. మూడింటికీ ఎడమ చెవి కొసన గాటు!

ఒళ్లు మండిపోయింది. "ఇవి మా చిన్నాయన గొర్రెలే. ఈ ముసలోడే దొంగ. ఎక్కడ కనిపించినా వదలొద్దు" అని ఫొటో కింద రాశాను. చిన్నాయనకు ఒక్క ఫోన్ కొట్టి అడగాలని కూడా తోచలేదు. గ్రూపులో ఎవరూ నన్ను నిజమేనా అని అడగలేదు. అంత అనుమానపు మనిషి రాశాడంటే నిజమే అయి ఉంటుందనుకున్నారు కాబోలు.

నాలుగో రోజు మిర్యాలగూడలో రైసుమిల్లులో పనిచేసే మా బావ ఫోన్ చేశాడు. అక్కడి అంగడిలో ఆ ముసలాయనను జనం చుట్టుముట్టారట. చిన్నాయనను వెంటబెట్టుకుని పరుగెత్తాను. వెళ్లేసరికి ముసలాయన చొక్కా చిరిగి ఉంది. చిన్నాయన ఆ గొర్రెల దగ్గర కూర్చుని, చెవులు తడిమి, నావైపు తిరిగాడు.

"ఏం సూసి రాసినవ్‌రా? గాటు కుడి సెవుకున్నది. గీ పెద్దమనిషి నాకెరికే, గరిడేపల్లాయన. గాళ్ల ఇంటి గుర్తే కుడి సెవు."

ఫోన్లో ఆ ఫొటో మళ్లీ తెరిచి చూశాను. అందులో ఎడమే. అప్పుడు బావమరిది చొక్కా జేబు మీద నా చూపు పడింది. గుండె మీద ఉండాల్సిన జేబు వాడి కుడి రొమ్ము మీద ఉంది. ముందు కెమెరాతో తీస్తే ఆ ఫోన్ అద్దంలోలాగా కుడిఎడమలు మార్చేస్తుందని నాకు తెలియదు. చెవులు అంతగా వెతికినవాణ్ని, చొక్కా చూడలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే నిలబడి, తప్పు నాదేనని గ్రూపులో రాశాను. "పోనీలే, ఎవరికైనా అయితది" అని ఒక వదిన జవాబిచ్చింది. కానీ ముసలాయనను పట్టుకున్నవాళ్లలో మా గ్రూపు మనిషి ఒక్కడూ లేడు. వాళ్ల ఫోన్లలో నా మాటలు పొల్లుపోకుండా ఉన్నాయి, నా పేరే లేదు. ఎవరు పంపారంటే ఒకడు "మా దోస్తు" అన్నాడు, ఇంకొకడు "ఏదో గ్రూపుల వచ్చింది" అన్నాడు.

ముసలాయన చేతులు పట్టుకుని, "తప్పయింది పెద్దయ్యా" అన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"నువ్వు వచ్చి చెప్పినవ్, మంచిదే బిడ్డా. గిది సూసినోళ్ల ఇండ్లు ఏడేడ ఉన్నయో జర చెప్పు. నేనే పోయి, దొంగను కానని చెప్పుకుంట."

మా బంధువులవి తప్ప నాకు ఒక్క ఇల్లు కూడా తెలియదు.