రోజూ మాయమయ్యే ఫైలు

చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ తప్పుకైనా కారణాలు వరుసగా రాసుకుని, ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోతే చివరికి మిగిలేదే దోషి అని. మధురవాడలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మొదటి ఏడాదే ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది. ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ నడిపే ఒక పెద్దాయన కోసం, బోటు ఓనర్లు ఫోన్లోనే ఐసు బుక్ చేసుకునే వెబ్‌సైటు తయారుచేశాం. రాసింది నేను, దాన్ని సర్వరులోకి ఎక్కించేది మా సీనియరు. ఆయనది ఆనందపురం పక్క పల్లె, వ్యవసాయ కుటుంబం. మేనేజరుతో సహా ఆఫీసంతా ఆయన్ని బావ అనే పిలిచేది (ఎవరి అక్కనూ చేసుకోలేదు, అయినా అందరికీ బావే). శుక్రవారం పెద్దాయన వచ్చి చూస్తారనీ, సైటు సరిగ్గా నడిస్తేనే నా ఉద్యోగం పర్మనెంటనీ మేనేజరు ముందే చెప్పేశాడు.

ఆ సోమవారం సైటు తెరిస్తే పేజీకి బదులు ఎర్రక్షరాలు కనిపించాయి. కంపైలరు ఫైలు దొరకలేదట. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ఫైలు అది. నా లాప్‌టాప్‌లో ఉంది, సర్వరులో లేదు. కాపీ చేసి పెట్టగానే సైటు తెరుచుకుంది. మర్నాటికి ఫైలు మాయం. మళ్లీ పెట్టాను, మళ్లీ మాయం. అలవాటు ప్రకారం కారణాలు రాసుకున్నాను: ఒకటి, యాంటీవైరస్ తినేస్తోంది, రెండు, డిస్కు పాడైంది, మూడు, పోటీ కంపెనీవాడెవడో లోపలికి దూరాడు. (నాలుగోది మా అమ్మ చెప్పే దిష్టి. రాయడానికి సిగ్గేసి వదిలేశాను.) యాంటీవైరస్ ఆపి చూశాను, డిస్కు పరీక్షించాను. రెండూ నిర్దోషులే. ఇక మిగిలింది పోటీ కంపెనీవాడే.

"సర్వరులో ఒక ఫైలు మాయమైపోతోంది బావా" అన్నాను.

"ఫైలుకేటి కాళ్ళున్నాయేటి, లేసి ఎల్లిపోడానికి? ఎండకి నీ బుర్ర తిరిగినట్టుంది. రా, టీ తాగొద్దాం."

శుక్రవారం పొద్దున్నే ఫైలు పెట్టి, సైటు తెరుచుకుందని రూఢి చేసుకుని మీటింగు రూములో కూర్చున్నాను. పెద్దాయన టీ తాగుతూ గోడ మీది తెర వైపు చూశారు. "బాగానే ఉంది బాబూ. గానీ అచ్చరాలు పెద్దవి సెయ్యి. బోటు మీద కళ్ళద్దాలు ఎట్టుకోరు మావోళ్ళు." మేనేజరు బయట సీట్లో ఉన్న బావకు ఫోను చేసి, ఆ మార్పు చేసి ఎక్కించమన్నాడు. ఈలోగా నాకు చూపించడానికేమీ లేదు కనుక సర్వరు ఫోల్డరు తెరిచి, నా ఫైలు మీదే కన్నేసి కూర్చున్నాను. ఉన్నట్టుండి ఫోల్డరంతా ఖాళీ అయింది. తర్వాత ఫైళ్లు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. అన్నీ వచ్చాయి, అదొక్కటి తప్ప.

"పోయింది! సార్, మన కళ్లముందే పోయింది!" అని లేచి గంతేశాను.

"ఏటి పోనాది బాబూ?" పెద్దాయన కంగారుగా గ్లాసు పక్కన పెట్టేశారు.

"వీడి ఉద్యోగం" అన్నాడు మేనేజరు నెమ్మదిగా.

నా కేక విని బావ పరుగెత్తుకొచ్చాడు. సంగతి చెప్పగానే, "పోడమేటి, నానే తుడిసీసినాను. పాత వరి దుబ్బులు పీక్కుండా నాట్లేత్తారేటి? రోజూ పాతవన్నీ తీసీసే కొత్తవి ఎక్కిత్తాను. నువ్వు ఆ ఫైలు సేత్తో ఎడతన్నావని నాకేటి తెల్సు?" అన్నాడు.

కొత్త ఫైళ్లు పెట్టేవాడు పాతవి తీసేస్తాడన్న ఊహే నా వరుసలో లేదు. ఎవరి పని వాళ్లం ఎంతో శ్రద్ధగా చేసుకుంటూ ఒకరి పని ఒకరం చెడగొట్టుకున్నాం.

పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వారు. "మా బోటు మీదా ఇంతే. ఒకడు ఐసేత్తాడు, ఇంకోడు నీళ్ళనుకుని తోడీత్తాడు. కానియ్యండి, ఇంకో టీ తాగుతాను." ఆ టీ చల్లారేలోగా, కంపైలరు కూడా మిగతా ఫైళ్లతో కలిసే సర్వరుకు వెళ్లేలా ప్రాజెక్టులో సెట్టింగు మార్చాను (సోమవారమే చేయాల్సిన పని). బావ తన పద్ధతిలోనే అంతా తుడిచి, మళ్లీ ఎక్కించాడు. సైటు పెద్దపెద్ద అక్షరాలతో తెరుచుకుంది. ఉద్యోగమూ నిలిచింది.

ఇప్పుడు నా కింద కొందరు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. ఎర్రక్షరాలు కనబడితే నా చూపు ముందు కస్టమరు ముఖం మీదికి పోతుంది, ఆ తర్వాతే తెర మీదికి. ఉద్యోగం ఊడబోతుంటే, కారణం దొరికిందని మేనేజరు ముందే గంతేసిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.