రాని జబ్బు కోసం గిద్దలూరు ప్రయాణం

మా మేనమామకు ఇరవై రెండో ఏట, ఎవరూ లేనిచోట మాటలు వినపడటం మొదలైంది. వచ్చే నెల నాకు ఇరవై రెండు నిండుతాయి. అందుకే మార్కాపురంలో మా కాలేజీకి వచ్చిన ఆరోగ్య శిబిరం వాళ్ళు "మనసు జబ్బు వచ్చే అవకాశం ముందే చెప్తాం" అంటే, భయపడుతూనే పరీక్షకు ఒప్పుకున్నాను. హాస్టల్లో నా రూమ్మేట్ రమ్య మాత్రం ససేమిరా అంది. "రాని జబ్బుకు ఇప్పుడే పేరు పెడతారా? మందు ఇస్తారో లేదో గానీ ముద్ర మాత్రం ఏస్తారు." ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు కదా అని నేను. రెండు వారాలు ఇదే వాదన. చివరికి ఫలితం గిద్దలూరులో మనసు జబ్బుల డాక్టరు దగ్గర తీసుకోమని శిబిరం వాళ్ళు చెప్పారు.

శనివారం ఏడున్నరకు బస్సెక్కాను. కంభం మీదుగా సుమారు రెండు గంటలు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు డబ్బులు అక్కర్లేదు. తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం కంభం దాటినా విప్పలేదు. గిద్దలూరులో డాక్టరు ఆసుపత్రి దాకా ఆటోకు ముప్పై రూపాయలు.

"ఎవరికి బాగలేదమ్మా?" అన్నాడు డ్రైవరు.

"అందరూ బాగున్నారన్నా."

"బాగుంటే పిచ్చి డాక్టరు కాడికేంది?"

నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

ఆసుపత్రి చీటీలో పేరు, తండ్రి పేరు, ఊరు అడిగితే అలవాటు కొద్దీ మూడూ రాశాను. మా వైపు మనిషిని ఊరితో కలిపే పిలుస్తారని తెలిసి కూడా రాశాను. పది గంటలకు అటెండరు హాలంతా వినపడేలా కేకేశాడు. "కొనకనమిట్ల నారాయణ బిడ్డ మాధవి ఎవరు? పిచ్చి వస్తదో రాదో చూపిచ్చుకున్న పాప!"

ఎదురు బల్ల మీద మా ఊరి వెంకటయ్య చిన్నాయన కూర్చుని ఉన్నాడు. నిద్ర పట్టడం లేదని వచ్చాడట. "ఏంది మాధవీ, నీకు గూడానా?" అన్నాడు. మేనమామ పేరు ఎత్తలేదు, ఎత్తనక్కర్లేదు కూడా.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది, అవకాశం తక్కువని, ఇది అంచనా మాత్రమేనని. తిరుగు బస్సు కంభం చేరకముందే అమ్మ ఫోన్. చిన్నాయన చెప్పేశాడు. అమ్మ ఏడుస్తోంది.

"తక్కువేనంటమ్మా. భయం లేదు."

ఏడుపు ఆపి అడిగింది. "తక్కువంటే... కొంచెం ఉన్నట్టేనా?"

రమ్యదే నిజమని నేనిప్పటికీ ఒప్పుకోను. తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ నా సంగతి, ఫలితం కవరు నా చేతికి రాకముందే హాలంతటికీ తెలిసింది, నేను హాస్టల్ చేరకముందే ఊరికి తెలిసింది. మీరు ఇలాంటి పనిమీద వెళ్తే చీటీలో ఊరు రాయకండి, నంబరుతో పిలవమని ముందే అడగండి. అమ్మ ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తోంది. నా మాట తీరు ఎలా ఉందో జాగ్రత్తగా వింటోంది. నేనూ వింటున్నాను.