రెండు ఇవతలల ఊరు

మొన్న రాత్రి పదిన్నరకి ఏలూరు స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో ఎవరితోనో "లొకేషన్ పెట్టాను, చూసుకో" అంది. అంతే. ఎక్కడున్నావని వాళ్లు అడగలేదు, ఈ అమ్మాయి చెప్పలేదు. నాకు మా మేనత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది. మామూలు ఫోన్ల కాలంలో ఓ డిసెంబరు ఆఖరి రాత్రి ఇదే ఊళ్లో ఆవిడా నేనూ కలుసుకోవడానికి ఎన్ని మాటలు ఖర్చుపెట్టామో.

ఏలూరుని కాలవ రెండుగా చీలుస్తుంది. వన్ టౌన్, టూ టౌన్ అన్న పేర్లు పోలీసులకీ, మా పత్రికల వాళ్లకీ పనికొస్తాయి. ఇళ్లలో ఉన్నవి రెండే మాటలు, ఇవతల, అవతల. రాత్రి పొద్దుపోయాక ఆటో అడిగితే "అవతలికి రామండి" అంటారు, ఎంతో మర్యాదగా. ఎలాగో నడిచి వంతెన దాటితే అక్కడి ఆటోవాళ్లూ అదే మాట, అదే మర్యాద. మా అత్తయ్య ఏలూరులో పుట్టి తాడేపల్లిగూడెం కోడలైంది. ఏటా డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి బస్సెక్కి మా చర్చికి వచ్చేది. ఆరాధనలో పన్నెండు దాటాక కొత్త సంవత్సరపు మొదటి పాట ఎత్తేది ఆవిడే. పెళ్లికి ముందు నుంచీ ఆ పాట ఆవిడది. ఆ ఏడు మాత్రం బస్సు దెందులూరు దగ్గర టైరు పంచరై చాలాసేపు ఆగిపోయింది. పాస్టరమ్మ గారి చెల్లెలు కీబోర్డు నేర్చుకుని ముందు వరసలో సిద్ధంగా ఉందని అత్తయ్యకి ముందే తెలుసు. "ఒకసారి చెయ్యి మారిందంటే మళ్లీ నాదాకా రాదురా" అంది బస్సులోంచి ఫోన్లో. నేను ఆఫీసులో పేజీలు పంపేసి, కాలవ దగ్గరికొచ్చి, దొరికిన ఒక్క షేర్ ఆటోనీ బతిమాలి ఆపి, "ఇవతల వంతెన దగ్గర దిగండి అత్తయ్యా" అని చెప్పాను.

పదకొండున్నర దాటాక ఫోన్ వచ్చింది.

"దిగానురా. ఎక్కడ చచ్చావు?"

"ఇవతలే ఉన్నానండి, వంతెన మొదట్లో."

"నేనూ ఇవతలే ఉన్నాను. నువ్వు లేవు."

"అక్కడ ఏముందండి?"

"మందుల షాపు. మూసేశారు."

మందుల షాపు లేని వంతెన మా ఊళ్లో లేదు. ఇంకో నాలుగు నిమిషాలు ఇద్దరం ఇవతలే ఉన్నామని ఒకరికొకరం నమ్మకంగా చెప్పుకున్నాం. చివరికి ఆటో డ్రైవరు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"అమ్మగారూ, కాలవకేసి తిరిగి నిలబడండి. నీళ్ల మీద గుర్రపుడెక్క ఏ చేతివైపుకి కొట్టుకుపోతోందండి?"

"చీకట్లో ఏం కనపడుతుంది బాబూ? వాసన మాత్రం వస్తోంది."

"లైటు కింద చూడండమ్మా."

ఫోన్‌లో చెప్పుల చప్పుడు లైటు కిందికి నడిచింది. "ఎడమచేతి వైపుకి."

డ్రైవరు మా ముందున్న కాలవలోకి చూశాడు. ఇక్కడ కుడిచేతి వైపుకి పోతోంది. "అమ్మగారు అవతలున్నారండి" అన్నాడు. అతని చేతిలోని ఫోన్‌లోంచి అత్తయ్య, "అవతల మీరున్నారు, నేను కాదు" అంది.

అప్పటికి నాకు విషయం బోధపడింది. నేను నిలబడ్డ గట్టు నాకు ఇవతల. ఆవిడకి పుట్టింటి గట్టే ఇవతల. గూడెంలో కాపురం పెట్టి నలభై ఏళ్లయినా, ఎక్కడ నిలబడి మాట్లాడినా, అది మారలేదు. ఏ గట్టో తేలాక మిగిలింది సులువే. వంతెన దాటి గట్టు వెంబడే పోతే, మూడో మందుల షాపు ముందు తెల్లచీరలో, చంకలో పాటల పుస్తకంతో కనిపించింది. ఎక్కగానే డ్రైవరుతో, "ఏ ఊరు నాయనా మీది? మా వాడి కంటే నయంగా ఉన్నావు" అంది. "కొల్లేరు లంకలోనండి. మాకు నీళ్లే గుర్తండి" అన్నాడతను.

చర్చి నా గట్టునే ఉంది. తిరిగి వంతెన మీదికి వచ్చేసరికే టపాకాయలు మొదలయ్యాయి. పన్నెండైంది. అత్తయ్య పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. చర్చి ముందు ఆగేటప్పటికి పన్నెండు దాటి ఆరు నిమిషాలు. లోపల పాట లేదు. అందరూ మోకాళ్ల మీద, కళ్లు మూసుకుని ఉన్నారు. పాస్టరు గారి ప్రార్థన పల్లెలన్నీ చుట్టి, జిల్లా దాటి, అప్పుడే రాష్ట్రంలోకి ప్రవేశించింది. ఆయన ప్రార్థన పొడవు గురించి ఏటా సణిగే అత్తయ్య, "దేవుడాయన్ని చల్లగా చూడాలి" అని చెప్పులు విడిచి, మనుషుల మధ్యనుంచి పిల్లిలా ముందుకెళ్లి మోకరించింది.

"ఇంకా కొత్త సంవత్సరం రాలేదాండి?" అన్నాడు డ్రైవరు.

"లోపలికింకా రాలేదు."

అతను ఇంజను ఆపాడు. ఆమెన్ వినిపించింది. ఆ వెంటనే, కీబోర్డు ఇంకా సర్దుకోకముందే, అత్తయ్య గొంతు లేచింది, కొంచెం రొప్పుతూ. పన్నెండు గంటలకి సంవత్సరం అందరికీ ఒక్కసారే మారుతుందని క్యాలెండర్లు వేసేవాళ్లు అనుకుంటారు గానీ, ఆ ఏడు మాత్రం అది గుమ్మం దగ్గర ఆరేడు నిమిషాలు ఆగి, ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దావిడ ఊపిరి తీసుకున్నాకే లోపలికి వచ్చింది.