రాతిలో నెర్రె

మా మామిడితోట బతికింది టెంకాయతో బోరు తావు చూపిన స్వామి వల్లనేనని మా ఇంట్లో అంటారు. శుద్ధ అబద్ధం. ఆయన చూపిన బోర్లన్నీ ఎండాయి.

పూతలపట్టులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమెది భూగర్భజలాలు పరిశీలించే ఉద్యోగమట. ఇంకో బోరు వేస్తున్నామన్నాను. ఆమె సంచిలోంచి రాతిముక్క తీసి నా అరచేతిలో పెట్టి, దానిపై నీళ్లు పోసింది.

"యాడన్నా రాయి నీళ్లు తాగుతాదా?" అని ఎగతాళి చేశాను.

"తాగదక్కా. సూడు."

వెంట్రుకంత నెర్రెలోకి నీళ్లు మాయమయ్యాయి. రాతి అడుగున నా అరచెయ్యి చల్లగా తడిసింది. రాయిని తిప్పి తిప్పి చూశాను.

"ఎప్పుడో కురిసిన వాన ఇంకి మనకు నీళ్లుండేది ఈ నెర్రెల్లోనే. తోడింది సాలు, వానను లోపలికి పంపండి," అందామె.

ఇంట్లో పోట్లాడి కొత్త బోరు ఆపించాను. ఎండిన బోరు చుట్టూ గుంత తవ్వి, గులకరాళ్లు నింపి, వాననీళ్లు మళ్లించాం. కొన్నేళ్లకు అదే బోరు మళ్లీ నీళ్లు పోసింది.

అంతకుముందు మేం తోడి పారేసిన నీళ్లు ఎవరి కాలంలో కురిసిన వాన?