మూడో గొట్టంలో దుప్పట్లు

మా ఇంటి ఇంటర్నెట్‌ని గాలిలోంచి నాలుగు బస్టాపుల అవతలికి పంపిన ఘనుణ్ణి నేను. ఈ మాట ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని ఆఫీసు లంచ్‌లలో చెప్పుకున్నానో నాకే గుర్తులేదు. చెప్పిన ప్రతిసారీ సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

ఐటీ ఉద్యోగాల కోసం మనవాళ్ళు చాంగీ ఎయిర్‌పోర్టులో విమానాల నిండా దిగుతున్న రోజులు. మేం ఆ ఎయిర్‌పోర్టుకి దగ్గర్లోని టాంపినీస్‌లో పన్నెండో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. కాలేజీలో నాతో చదివిన స్నేహితుడు భార్యతో, ఏడాది నిండని పాపతో, ఫీడర్ బస్సులో నాలుగు స్టాపుల దూరంలో ఉండేవాడు. వాడిది మూడు నెలలకోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళేమో రెండేళ్ళకి సంతకం పెట్టమనేవాళ్ళు. వాళ్ళ వంటింటి కిటికీకీ మా వంటింటి కిటికీకీ మధ్య ఒక మైదానం, ఒక కాలువ తప్ప అడ్డం ఏమీ లేదని ఓ ఆదివారం కనిపెట్టాను. ఇంకేముంది, నాలో ఇంజినీరు నిద్ర లేచాడు.

పాప ఖాళీ చేసిన పాలపొడి డబ్బాలు రెండు తెచ్చి, పక్కన చిల్లులు పెట్టి, వాటిలో వైర్‌లెస్ అడాప్టర్లు దూర్చి, రెండు కిటికీల్లో ఎదురెదురుగా బిగించాను. మూడో వారానికి లింకు కలిసింది. ఆ రోజు నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

అయితే శని, ఆదివారాల్లో పొద్దున పూట లింకు పోయేది. నా అనుమానం చాంగీలో దిగే విమానాల మీద. నోటుపుస్తకం పెట్టి, ఏ విమానం ఎన్నింటికి మా బ్లాకు మీదుగా పోయిందో రాసుకునేవాణ్ణి. కిటికీ దగ్గర నిలబడి డబ్బాని అరంగుళం అటూ ఇటూ తిప్పేవాణ్ణి. ఈలోగా హాల్లో ఫోన్ మోగడం, మా ఆవిడ వచ్చి "కాస్త జరగండి" అంటూ ఆరేసిన బట్టలు లోపలికి లాక్కోవడం. పని జరుగుతుంటే మధ్యలో ఈ గొడవేమిటని విసుక్కునేవాణ్ణి. కాసేపటికి లింకు వచ్చేసేది.

"చూశావా?" అనేవాణ్ణి.

"చూశాను" అనేది మా ఆవిడ.

నా స్నేహితుడి భార్య నన్ను అన్నయ్యా అని పిలిచేది. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన అమ్మాయి. ఇక్కడికొచ్చాక రెండేళ్ళుగా ఖాళీ. రోజూ నా డబ్బాలోంచే అప్లికేషన్లు పంపేది. చివరికి చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్షకి పిలిచింది. శుక్రవారం పొద్దున పది నుంచి పదకొండు. ఒక్కటే అవకాశం. మధ్యలో లింకు తెగినా గడియారం ఆగదు.

"అన్నయ్యా, ఆ ఒక్క గంటా మీ ఇంటికొచ్చి రాసుకోనా?" అని అడిగింది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏంటమ్మా, నా లింకు మీద నమ్మకం లేదా? రాక్ సాలిడ్! లీవ్ పెట్టి మరీ దగ్గరుంటా. నువ్వు హాయిగా మీ ఇంట్లోనే రాయి."

ఏమనగలదు పాపం, సరేనంది.

శుక్రవారం పొద్దున పాపని చూసుకోవడానికి మా ఆవిడ వాళ్ళింటికి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, "మెషీన్‌లో దుప్పట్లున్నాయి. మీరు ముట్టుకోకండి, నేనొచ్చి ఆరేస్తాను" అంది.

పదీ పావుకి మెషీన్ కీచుమంది. ఆకాశంలో విమానం లేదు. లింకు దీపం పచ్చగా వెలుగుతోంది. నాకేమో చేతికి పని లేదు. దుప్పటి ఆరేయడం కూడా చేతకాదనుకుంటోందా ఈవిడ? ఇక్కడి ఫ్లాట్లలో వంటింటి కిటికీ బయట గొట్టాలుంటాయి. బట్టలేసిన వెదురు కర్రలు వాటిలో గుచ్చాలి. దుప్పట్లు రెండూ ముడత లేకుండా కర్రకి వేసి, క్లిప్పులు పెట్టి, నా ప్రతాపమంతా చూపించి మూడో గొట్టంలో గుచ్చాను. దీపం వంక చూడలేదు. నా పనితనం చూసుకుంటున్నాను.

ఫోన్ మోగింది. మా ఆవిడ, గొంతు బాగా తగ్గించి.

"కర్ర మీద ఏం వేశారు?"

"దుప్పట్లు. అది సరే, నీకెలా..."

"తీయండి ముందు! మూడో గొట్టంలో తడిబట్ట అడ్డమొస్తే మీ డబ్బా పని చెయ్యదు. మొదటి నెల్లోనే కనిపెట్టింది ఈ అమ్మాయి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు విమానాలు రాసుకుంటున్నారుగా! తీయండి!"

కర్ర గొట్టంలో బిగుసుకుపోయింది. ఊడబెరికేసరికి తొమ్మిది నిమిషాలు. దీపం మళ్ళీ పచ్చబడింది. ఇంకేం చెడగొడతానో అన్న భయంతో, నీళ్ళు కారుతున్న ఆ కర్రని పట్టుకుని పదకొండయ్యేదాకా వంటింట్లోనే నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఆ అమ్మాయి ఫోన్ చేయడం, మా ఆవిడ బట్టలు లాగడం, అలా నడిచింది నా నెట్‌వర్క్. నేను డబ్బా తిప్పానంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరి ఆరు ప్రశ్నలూ ఆ అమ్మాయి చూడనేలేదు. ఉద్యోగం రాలేదని వారం తర్వాత మెయిల్ వచ్చింది, అదీ నా డబ్బాలోంచే.

మూడు నెలలకి ఇంకో కంపెనీ పరీక్ష. ఈసారి నన్ను అడగలేదు. నేరుగా వచ్చి, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, మోడెమ్‌కి వైరు తగిలించుకుంది. నన్నూ పాపనీ బ్లాకు కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌కి పంపేశారు. ఉద్యోగం వచ్చింది.

ఆ సంతోషంలో ఓ ఆదివారం మధ్యాహ్నం అందరం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగువాళ్ళిద్దరిని నా స్నేహితుడు వెంట తెచ్చాడు. వాళ్ళకి నన్ను చూపించి, "మా ఆవిడకి మొదటి పరీక్షకే రావాల్సింది. సరిగ్గా ఆ టైముకే పెద్ద వాన పట్టుకుంది, లింకు పోయింది. లేకపోతే వీడి లింకు బంగారమండీ" అన్నాడు.

వాన అని వాడికి ఎవరు చెప్పి ఉంటారో అర్థమై ఆ అమ్మాయి వంక చూశాను. పాపకి అన్నం పెడుతోంది, తలెత్తలేదు. మా ఆవిడ మాత్రం నన్నే చూస్తోంది.

"అవున్రా, పెద్ద వాన" అన్నాను.

ఆ శుక్రవారం టాంపినీస్‌లో చుక్క పడలేదు. మధ్యాహ్నానికల్లా దుప్పట్లు రెండూ ఫెళఫెళలాడుతూ ఆరిపోయాయి.