నేను చూసి వద్దన్న పిల్ల

మా తమ్ముడికి పిల్లను చూసే పని ఇంట్లోవాళ్ళు నాకు అప్పగించారు. మనిషి గుమ్మం దాటి ఇవతలికి వచ్చేలోపే గుణం చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకూ ఇష్టమే. ఎవరి నడకలో పొగరుందో, ఎవరి నవ్వులో నటన ఉందో చెబుతుంటే నలుగురూ తలూపేవాళ్ళు, నేను మురిసిపోయేదాన్ని.

ఎనభైల చివర్లో ఒకరోజు తెనాలిలో పాసింజరెక్కి బాపట్ల వెళ్ళాం. మావీ వాళ్ళవీ నేతపని కుటుంబాలే. కాకపోతే మా తాత హయాంలోనే మేం మగ్గం వదిలేసి బట్టల కొట్టు పెట్టుకున్నాం. వాళ్ళకి పెరటి షెడ్డులో మరమగ్గాలున్నాయి. మేం వస్తున్నామని ఆ పూటకి ఆపేశారు.

పిల్ల చామనఛాయ, కళగల మొహం. మా తమ్ముడు చూపు తిప్పుకోలేదు. వంట వచ్చా అని అడిగాను.

"వచ్చండి. పనివాళ్ళందరికీ నేనే వండుతానండి."

ఆ పెద్ద గొంతుకి నా చేతిలో కాఫీ తొణికింది. తర్వాత ఏమడిగినా అదే గొంతు, ఎదురింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు. తిరుగుదారిలో రిక్షాలోనే తేల్చేశాను, గయ్యాళి అని. తమ్ముడు నసిగాడు. నీకు మొహం కనబడింది, నాకు మనిషి కనబడింది అన్నాను. అమ్మ వద్దని కబురు పంపింది.

వారం తిరక్కుండా ఆ పిల్ల తండ్రి మా కొట్టుకొచ్చాడు. తమ్ముడికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. లోపమేంటో చెబితే దిద్దుకుంటామన్నాడు. మీ అమ్మాయికి నోరెక్కువండి అన్నాను.

"లేదమ్మా. మగ్గాలు ఆడుతుంటే అరిస్తేగానీ వినపడదు. మా ఇంట్లో అందరం ఇంతే."

ఆయనదీ అంతే గొంతు. చీరలు చూస్తున్న ఆడవాళ్ళు తలలు తిప్పారు. నాకు అక్కడికక్కడే అర్థమైంది. మగ్గం చప్పుడులోనే బతికిన మా తాత ఉండుంటే నన్ను చెప్పుచ్చుకు కొట్టేవాడు. తమ్ముడు ఆశగా నా వంకే చూస్తున్నాడు. పొరబడ్డానని ఒక్క మాటంటే చాలు. కానీ అంతమందిలో నా మాట పోతుందే!

"కాస్త నెమ్మదిగా మాట్లాడండి బాబాయిగారూ, బేరాలొచ్చే వేళ" అన్నాను.

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడే రేపల్లె నుంచి నేను మెచ్చిన పిల్లను తెచ్చాం. మంచిదే, పేరు పెట్టడానికి లేదు. రెండేళ్ళ తర్వాత బంధువొకావిడ వచ్చి బాపట్ల సంగతులు చెప్పింది. రిక్షాలో నేనన్న మాట ఎలా పాకిందో, వచ్చిన ప్రతి సంబంధమూ గయ్యాళట కదా అని వెనక్కి పోయిందట. చివరికి ఆ పిల్లను తండ్రి వయసున్న రెండో పెళ్ళివాడికి ఇచ్చి చేశారట.

అన్నం తింటున్న తమ్ముడు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"నీకు ఆ రోజు కొట్లోనే తెలిసింది కదక్కా" అన్నాడు.

తెలియదని అబద్ధమాడబోయాను. కానీ సిగ్గుతో చచ్చిపోయాను. వాడు నన్ను అక్కా అని పిలవడం అదే ఆఖరు.